హైపరా... హైపోనా?

'ఒరేయ్, నాకు హైపర్ థైరాయిడ్ అటరా!' మొన్న పిన్ని ఫోన్ చేసి చెప్పింది. నాకెందుకో అనుమానమొచ్చింది. ఆ జబ్బున్నవాళ్లు సాధారణంగా సన్నబడతారు, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. పిన్నేమో ఆర్నెల్లుగా లావెక్కుతోంది, ఫ్యాను వేస్తే వణికిపోతోంది. రిపోర్టు ఫొటో తీసి పంపమన్నాను. చూస్తే... అందులో ఉన్నది హైపర్ కాదు, 'హైపో'!

పలకడంలో చిన్న తేడానే. వైద్యంలో మాత్రం పూర్తిగా తలకిందులు. హైపో అయితే తక్కువైన హార్మోనును మాత్రగా ఇస్తారు. హైపర్ అయితే ఎక్కువైనదాన్ని తగ్గించే మందిస్తారు.

ఈ రెండూ గ్రీకు భాష నుంచి వచ్చిన ముందుమాటలు. 'హైపర్' అంటే పైన, మించి. 'హైపో' అంటే కింద, తక్కువ. రక్తపోటు పెరిగితే హైపర్‌టెన్షన్, పడిపోతే హైపోటెన్షన్. మధుమేహం ఉన్నవారికి చక్కెర బాగా పెరిగితే హైపర్‌గ్లైసీమియా. అప్పుడు తీపి దగ్గరికి రానివ్వకూడదు. అదే 70 మిల్లీగ్రాముల కన్నా దిగిపోతే హైపోగ్లైసీమియా. అప్పుడు మనిషి స్పృహలో ఉంటే వెంటనే చక్కెరో గ్లూకోజో ఇవ్వాలి. మాట తారుమారైతే ఎంత ప్రమాదమో చూశారా!

ఆస్పత్రిలోనే కాదు, ఇవి అన్నిచోట్లా కనిపిస్తాయి. చర్మం కిందికి మందు ఎక్కించే సూది 'హైపోడెర్మిక్'. పిల్లల లెక్కల పుస్తకంలోని కర్ణం 'హైపోటెన్యూస్', అంటే లంబకోణం కింద సాగిన గీత అన్నమాట. మామూలు రాతను మించిన రాత కాబట్టి, 1965లో టెడ్ నెల్సన్ 'హైపర్‌టెక్స్ట్' అన్న పేరు పెట్టాడు.

ఇంతకీ ఈ గ్రీకు మాటలు మనకు పరాయివేం కాదు. హైపర్‌కి సంస్కృతంలోని 'ఉపరి' తోబుట్టువు. హైపోకి 'ఉప' తోబుట్టువు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లోనే కలకత్తాలో విలియం జోన్స్ చెప్పాడు. నీటి పైభాగం ఉపరితలం, ముఖ్యమంత్రి తర్వాతి స్థానం ఉపముఖ్యమంత్రి... అలా ఆ రెండు మాటలూ మన నోట రోజూ నానుతున్నవే.

గుర్తుపెట్టుకోవడానికి ఇదే చిట్కా. ఉపరిలో 'ర' ఉంది, హైపర్‌లోనూ ఉంది. 'ర' ఉంటే ఎక్కువ, లేకుంటే తక్కువ. అయినా సరే, డాక్టరుగారు జబ్బు పేరు చెప్పగానే 'ఎక్కువాండీ, తక్కువాండీ?' అని ఓ మాట అడిగేయండి. మొహమాటపడొద్దు.

పిన్నికి ఇదంతా చెప్పాను. ఇప్పుడెవరు పలకరించినా 'నాది ఉపరి కాదమ్మా, ఉప మాత్రమే!' అంటూ నవ్వేస్తోంది.