ఉపగ్రహము చూడని వేళ

నిప్పు లేనిదే పొగ రాదను సామెత బడిపిల్లలకును తెలిసినదే. పొగ నిండుగా ఉండియు నిప్పు లెక్కకు రాకపోవుట మాత్రము పంజాబు, హర్యానా పొలములలో నేడు కనబడుచున్న వింత.

అచట వరికోతలు ముగిసిన పిదప, అక్టోబరు, నవంబరు నెలలలో, రైతులు కొయ్యకాళ్లకు నిప్పు పెట్టుదురు. ఆ పొగ గంగామైదానమున క్రమ్ముకొని ఢిల్లీవాసులకు ఊపిరి సలుపనీయదు. అన్ని పొలములను తిరిగి చూచుట ఎవరి తరము? కనుక ఆ పనిని ఉపగ్రహములకు అప్పగించిరి. అవి మంటల వేడిమిని పరారుణ కిరణములచే పసికట్టును. గాలిలోని కణములు సూర్యకాంతిని ఎంత అడ్డగించుచున్నవో చూచి పొగ దట్టమును అంచనా కట్టును.

2002లో ప్రయోగించిన ఆక్వా, 2011లో ప్రయోగించిన సువోమి ఎన్.పి.పి. ఉపగ్రహములకు మధ్యాహ్నము ఒంటిగంటన్నర ప్రాంతమున ప్రతి దేశము మీదుగా సాగునట్లు కక్ష్య నేర్పరచిరి. ఇటీవలి సంవత్సరములలో ఇట్టి ఉపగ్రహముల లెక్కలలో మంటలు తగ్గినవి. పొగ మాత్రము ఆ మేరకు తగ్గలేదు. 2024లో నాసా శాస్త్రవేత్త హిరేన్ జేత్వా ఈ చిక్కును బయటపెట్టెను. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి, పది నిమిషముల కొకసారి చూచు కొరియా ఉపగ్రహపు చిత్రములలో, ఆ వేళ దాటిన పిదపనే మంటలు హెచ్చుగా కనబడెను.

ఇనస్పెక్టరుగారు వచ్చు గంట ముందే తెలిసిన బడి ఎట్లుండునో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. ఆ గంటలోని నిశ్శబ్దమును చూచి బడి బాగున్నదనుట ఎట్టిదో, మధ్యాహ్నపు మంటల సంఖ్యను చూచి గాలి బాగుపడినదనుటయు అట్టిదే.

ఇందుకు రైతు నొక్కనినే దూషించుట న్యాయము కాదు. భూగర్భజలమును కాపాడుటకై పంజాబులో 2009లో చేసిన చట్టము వరినాట్లను వెనుకకు జరిపినది. వరికోతకును గోధుమ విత్తుటకును నడుమ మిగులునవి కొలది దినములే. యంత్రము కొను స్తోమత లేనివానికి అగ్గిపుల్లయే చౌక. అతనికి సాయము చేయక జరిమానా మాత్రమే విధించినచో, మంట మానుటకంటె వేళ మార్చుటయే అతనికి సులభము.

ఉపగ్రహము అబద్ధమాడదు. తాను చూచిన వేళ సంగతియే చెప్పును. అదియు నేలనుండి ఆకాశము వరకు గల పొగనంతటిని కలిపి చూచును. మనము పీల్చునది నేలమీది గాలి. కావున కాలిన పొలముల విస్తీర్ణమును, నేలమీది యంత్రములు కొలిచిన ధూళిని మంటల లెక్కతో సరిపోల్చిన తరువాతనే ఫలితము ప్రకటింపవలెను. ఏ అంకె చూపినను, "ఇది ఎప్పుడు, ఎచ్చటినుండి చూచి చెప్పినది?" అని అడుగుట విద్యార్థులకు మన తరగతులలోనే అలవడవలెను.