థైరాయిడ్ మాత్ర దాచుకోవలసినది కాదు

"రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇక థైరాయిడ్ మాత్ర మానేయవచ్చు కదా?" అని చాలామంది అడుగుతుంటారు. సొంతంగా మానవద్దని మా మాట. నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లనే.

మెడ ముందు భాగంలోని థైరాయిడ్ గ్రంథి థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. అది చాలకపోతే నీరసం, మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం, నెలసరిలో తేడాలు కనిపిస్తాయి. లీవోథైరాక్సిన్ మాత్ర ఆ లోటును పూడుస్తుంది, గ్రంథిని బాగుచేయదు. అందుకే చాలామందికి ఇది జీవితాంతం అవసరం. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. కనుక మానిన కొత్తలో ఏ తేడా తెలియదు. "మానేసినా బాగానే ఉన్నాను" అనుకుంటుండగానే కొన్ని వారాలకు నీరసం తిరిగి వస్తుంది.

మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టే సంగతి మరొకటి ఉంది. పెళ్లి సంబంధం తప్పిపోతుందేమోనని కొందరు తల్లిదండ్రులు ఆడపిల్ల మాత్రను దాచిపెడతారు. అత్తవారింట ఎవరైనా చూస్తారని ఆ అమ్మాయి మానేస్తుంది. ఇంతలో గర్భం వస్తుంది. మొదటి నెలల్లో కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారం. మోతాదు పెంచవలసిన సమయంలో మాత్రే లేకపోతే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు వంటి ప్రమాదాలు పెరుగుతాయి. గర్భం అని తెలిసిన వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇందులో సిగ్గుపడవలసినది ఏముంది? హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి ఈ లోపం కనిపించింది. మన బోయిగూడలో మాత్రం ఈ మాత్ర వేసుకునేవారు లేని వీధి ఉంటుందా? అత్తమామలకు మా మనవి: కోడలి చేతిలో మాత్ర చూస్తే ప్రశ్నించకండి, ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వండి.

మాత్రను పరగడుపున మంచినీళ్లతో, కాఫీ, టీ, టిఫిన్‌లకు అరగంట నుంచి గంట ముందు వేసుకోండి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉంచండి. ఉపవాస ప్రార్థన రోజున కూడా మంచినీళ్లతో ఈ మాత్ర వేసుకోండి. మోతాదు మార్చినప్పుడు 6 నుంచి 8 వారాలకు టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించండి. బరువు తగ్గుతామని సొంతంగా మోతాదు పెంచకండి, గుండెకు, ఎముకలకు హాని.

మానాలన్నా, మార్చాలన్నా ముందు డాక్టరును అడగండి. ఇంట్లో దాచకుండా చెప్పుకోండి.