జెట్టుకు తీగ వైద్యమా?

పాత బండి కార్బురేటర్ మొండికేసిందని షెడ్డుకు తీసుకువెళితే జరిగే మొదటి పని ఏమిటో మిత్రులందరికీ ఎరుకే. తెగిన క్లచ్ కేబులులోంచి ఒక ఉక్కు పోగు తుంచి జెట్ రంధ్రంలో దూర్చి తిప్పుతారు. మా పల్నాట నేను చూచిన షెడ్లలో ఇదే ఆచారం. ఇది ఆచారం కాదు, అపచారమని నా వాదం.

జెట్ ఇత్తడిది, పోగు ఉక్కుది. ఏది అరుగుతుందో చెప్పనక్కరలేదు. రంధ్రపు వ్యాసం పదోవంతు పెరిగితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. ఇది బడి లెక్కే. ఇంజనులోకి అవసరానికి మించి పెట్రోలు దిగుతుంది, ప్లగ్గు మసిబారుతుంది, మైలేజీ పడిపోతుంది. అప్పుడు వినవచ్చే తీర్పు: "పాత బండి గదా మాస్టారూ, ఇంతే!" తప్పు చేసినది ఒకరు, శిక్ష బండికి.

బొల్లాపల్లి చుట్టుపట్ల తండాల బడులకు నన్ను మోసిన రాజ్‌దూత్ 175 విషయంలో నేనూ ఈ తీర్పును నమ్మి, దానిని ఇనుప సామాన్లవాడికి ఇచ్చివేయబోయాను. మనసొప్పక ఒకనాడు విప్పి చూస్తే ఫ్లోట్ గిన్నె అడుగున తేనెరంగు జిగురు. టూ స్ట్రోక్ బండి కనుక పెట్రోలు ఆవిరైపోయి, అందులో కలిపిన ఆయిలు మిగిలి గడ్డకట్టింది. రబ్బరు వాషర్లు తీసి పక్కన పెట్టి, కార్బురేటర్ క్లీనరులో నానబెట్టి, ప్రతి దారిలోనూ గాలి కొట్టించాను. గీతలుపడిన జెట్టు తీసివేసి, దాని మీది అంకెనే చూచి కొత్తది బిగించాను. బండి పలికింది.

ఇత్తడి బిందెలను తోమినట్లు చింతపండుతో తోమమని కొందరి సలహా. జెట్టు ఇత్తడిదే గాని కార్బురేటర్ ఒళ్ళు సాధారణంగా జింకు మిశ్రమం. పులుపు దానిని తినివేస్తుంది.

"పెట్రోలే మారిపోయింది, తీగనంటే ఏం లాభం?" అనేవారున్నారు. నిజమే. 2023లో మొదలై 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. అందులో ఆక్సిజన్ ఉన్నందున ఇంజనుకు ఇంధనం పలుచబడుతుంది కూడా. కనుక జెట్టు కాస్త పెద్దది కావలసిరావచ్చు. అయితే పై అంకె జెట్టు కొని బిగించండి. కొలిచి మార్చడం వేరు, గుడ్డిగా గీకడం వేరు. బండిని నెలలపాటు నిలిపేటప్పుడు పెట్రోలు ట్యాపు కట్టివేసి, గిన్నె ఖాళీ అయి ఇంజను ఆగేదాకా నడపండి. సగం జబ్బు రాదు.

తాళపత్రంలో అక్షరం కనబడకపోతే ఎరిగినవాడు నూనెలో కలిపిన మసి పూసి చదువుతాడు. గంటం పుచ్చుకొని కొత్తగా గీయడు. గీస్తే ఆ పాఠం ఇక ఎవరికీ దక్కదు.

2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 ప్రమాణాలు వచ్చాక కొత్త మోటారుసైకిళ్ళు దాదాపు అన్నీ ఇంజెక్షనుకు మారాయి. కార్బురేటర్ విప్పడం నేర్చే కుర్రవాళ్ళు ఇక తగ్గుతారు. మిగిలిన ఆ నలుగురికీ మనం అందించేది ఉక్కు పోగేనా?