ఆకాంక్ష చాలదు, యోగ్యత వలెను

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కారణములని శాస్త్రజ్ఞులకు విదితమే. లెస్లీ లాంపోర్టు 1980వ దశకమున రూపొందించిన లేటెక్ అను అక్షరసంయోజన సాధనమున ఈ మూడింటిలో ఒకటి లోపించుచున్నది. అందు గ్రంథకర్త స్వయముగా కల్పించుకొను ఆజ్ఞలకు మాక్రోలని పేరు. మాక్రో తన ఆర్గ్యుమెంటును, అనగా తాను కార్యము జరుపవలసిన పదమును, ఆకాంక్షించును. ఆ పదము ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ లేనిచో, సన్నిధిలోనున్న ఒక్క సంకేతమును గ్రహించి తృప్తి చెందును. యోగ్యతను విచారింపదు.

ఆంగ్లమున అక్షరమునకు ఒకే సంకేతము గావున కీడు స్వల్పము. తెలుగున అట్లు గాదు. యూనికోడ్ పద్ధతిలో 'వి' అనునది వకారము, గుడి అను రెండు సంకేతముల కూడిక. 'శ్రీ' నాలుగింటి కూడిక. 2004లో వెలువడిన జీటెక్‌లో, 'విశాఖ' పదమునకు ముందు బొద్దు అక్షరముల ఆజ్ఞను బ్రాకెట్లు లేక వ్రాసినచో, వకారము మాత్రమే బొద్దగును. గుడి దానినుండి విడివడును. దోషసూచన యేదియు రాదు.

19వ శతాబ్ది చివరనే ఆర్ష ముద్రాక్షరశాలనుండి సంస్కృతగ్రంథములు వెలువడిన విశాఖపట్టణమున ఇది ఉపేక్షింపదగినది కాదు. తాళపత్రప్రతిని పరిష్కరించునపుడు పాఠాంతరములను సూచించు మాక్రో అక్షరమును చీల్చినచో, చదువరి దానిని లేఖకదోషమని తలంచును. అపరాధము ఆజ్ఞది, అపకీర్తి లేఖకునిది.

'న్యూకమాండ్' అను నిర్వచనవిధానము, ఉన్న పేరునే మరల పెట్టినచో ఆక్షేపించును గాని బ్రాకెట్లను పరీక్షింపదు. కావున ఆ భారము నిర్వచించువానిదే. మార్గము లేకపోలేదు. టెక్ మూలాజ్ఞయైన 'డెఫ్'లో ఆర్గ్యుమెంటుల వరుస చివర హాష్ గుర్తును అంకె లేక ఉంచినచో, తెరచు బ్రాకెటు వరకు గల భాగమును వేరుగా గ్రహింపవచ్చును. అది శూన్యమైనచో కార్యము జరుపవలెను; కానిచో దోషమును ప్రకటింపవలెను.

ఇది గౌరవదోషమని కొందరాక్షేపింపవచ్చును. గణితజ్ఞులు భిన్నమును బ్రాకెట్లు లేకయే వ్రాయుట కలదు. కాని లవము 12 కావలసినచోట వారికిని 1 మాత్రమే లభించును. పతంజలి వ్యాకరణప్రయోజనములలో లఘువును, అసందేహమును రెండింటిని పేర్కొనెను. రెండును పొసగనిచోట రెండు బ్రాకెట్ల శ్రమకంటె అసందేహమే గరీయము.