గెలుస్తారా అని అడిగే ముందు

ఈ ఏడాది జోనల్ పోటీల్లో మన బడి ఫుట్‌బాల్ జట్టు ఎంత దూరం పోతుంది? మన ఊళ్లో చాలామంది దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: "మొదటి మ్యాచ్‌కే ఇంటికొస్తారు." దాని వెనకాలే ఇంకో మాట కూడా వస్తుంది: "ఎట్లాగూ ఓడేదానికి పదో తరగతి పిల్లలు ఎందుకు? వాళ్లను మానిపించండి." నా గొడవ ఈ రెండో మాట మీదే. ఓడిపోతారని ముందే తీర్పు చెప్పి, ఆ తీర్పు నిజమయ్యేలా పెద్దలే చేస్తున్నారు.

ముందు జట్టు సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. మన బలం వెనక వరస. నలుగురు డిఫెండర్లూ ఆరో తరగతి నుంచి కలిసి ఆడుతున్నారు. ఒకడు ముందుకు పోతే ఇంకొకడు ఆ ఖాళీలోకి వచ్చేస్తాడు, పిలవాల్సిన పనే లేదు. గోల్‌కీపర్ బంతికి భయపడడు. చిన్న పాసులు మనవాళ్లకు బాగా వచ్చు. ఎందుకంటే మన ఆటస్థలం చిన్నది, బంతిని గట్టిగా తంతే గోడ దాటి పక్కనున్న రాగి చేలో పడుతుంది.

బలహీనత కూడా ఆ ఆటస్థలం నుంచే వచ్చింది. ఫుట్‌బాల్ నిబంధనల్లో మైదానం పొడవు 90 నుంచి 120 మీటర్లు. మనది అందులో సగం కూడా లేదు. పెద్ద మైదానంలో దిగగానే మనవాళ్ల అంచనా తప్పుతుంది. దూరపు పాసు అందదు. కార్నర్ కిక్ గోల్ ముందు దాకా రాదు. రెండో సగంలో కాళ్లు బరువెక్కుతాయి. పోయినసారి మనం ఓడింది కూడా చివరి నిమిషాల్లోనే, అలసిపోయి. మార్చడానికి బెంచీ మీద మనుషులు లేరు.

ఎదుటివాళ్లవి పెద్ద బడులు. వందలమందిలోంచి జట్టును ఎంచుకుంటారు. మనది తెలుగు మీడియం, ఏటేటా పిల్లలు తగ్గుతున్నారు. అయినా మైదానంలోకి దిగేది అటు పదకొండు మందే, ఇటు పదకొండు మందే.

ఇప్పుడు కొంచెం లెక్క. పదో తరగతి పుస్తకంలో సంభావ్యత పాఠం ఉంది కదా, అదే. పదహారు జట్ల నాకౌట్ పోటీ అనుకోండి. కప్పు కావాలంటే వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలవాలి. ప్రతి మ్యాచ్‌లో మన అవకాశం సగానికి సగమైతే, నాలుగూ గెలిచే అవకాశం 16లో 1, అంటే నూటికి సుమారు 6. అదే ప్రతి మ్యాచ్‌లో మన అవకాశం నూటికి 50 నుంచి 60కి పెరిగితే, నాలుగూ గెలిచే అవకాశం నూటికి సుమారు 13 అవుతుంది. రెట్టింపు కన్నా ఎక్కువ! కొద్దిపాటి మెరుగు చివరికి ఇంత తేడా చేస్తుంది. కొద్దిపాటి నష్టం కూడా అంతే. నలుగురు డిఫెండర్లలో ఇద్దరు పదో తరగతి వాళ్లు. వాళ్లిద్దరినీ తీసేస్తే 50 కాస్తా 40 అవుతుంది అనుకుందాం. అప్పుడు నాలుగూ గెలిచే అవకాశం నూటికి 3 కూడా ఉండదు. గోడలోంచి రెండు రాళ్లు పీకి, గోడ ఎందుకు పడిందని అడగడం ఏం న్యాయం?

లెక్క నమ్మనివాళ్లు చరిత్ర చూడండి. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. మన పెద్దల లెక్కన అక్కడితో అయిపోవాలి. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా ఎదురొచ్చింది, మనవాళ్లు 2–1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడితే కోచ్ అతన్ని ముందు వరసలో ఆడించాడు. ఫైనల్లో ఒక గోల్ అతనే కొట్టాడు. ఆ కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. అదే జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాదు దగ్గర తమిళ కుటుంబంలో పుట్టాడు. మనం తమిళనాడులో పెరుగుతున్న తెలుగు పిల్లలం. ఇంటి భాష ఒకటి, ఊరి భాష ఇంకొకటి అయినంత మాత్రాన బంతి ఆగిపోదు.

అమ్మానాన్నల భయం నాకు తెలుసు. నాన్నలు సిప్‌కాట్ కంపెనీల్లో షిఫ్టులు చేసి, అమ్మలు పూలతోటల్లో పనిచేసి మమ్మల్ని చదివిస్తున్నారు. పదో తరగతి మార్కులు ముఖ్యమే. ఆట వల్ల ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. కానీ పబ్లిక్ పరీక్షలు మార్చి, ఏప్రిల్ నెలల్లో. జోనల్ పోటీలు దానికి ఎన్నో నెలల ముందే అయిపోతాయి. మేము అడిగేది పొద్దున ఒక గంట. ఆ గంట తీసేస్తే పిల్లలు పుస్తకం పడతారని ఎవరైనా నమ్ముతున్నారా? సెల్‌ఫోన్ పడతారు. అది మీకూ తెలుసు.

ఇంకొక సంగతి. జోనల్ పోటీల్లో మైకులో బడి పేర్లు పిలుస్తారు. పెద్ద బడుల మధ్యన మన తెలుగు బడి పేరు కూడా వినబడుతుంది. "ఆ బడి ఇంకా ఉందా?" అని అడిగేవాళ్లకు అదే జవాబు. ఈ ఏడాది జట్టు పోకపోతే వచ్చే ఏడాది ఎవరూ పిలవరు. ఆరో తరగతి పిల్లలకు చూసి నేర్చుకునే జట్టే ఉండదు.

ఇక నా అంచనా. పూర్తి జట్టు దిగితే మొదటి మ్యాచ్ గెలుస్తాం. రెండోది సగానికి సగం. పెద్ద మైదానంలో సాధన దొరికితేనే జిల్లా పోటీల మీద ఆశ. రాష్ట్ర స్థాయి ఈ ఏడాది కాదు.

అందుకని మూడు మనవులు. అమ్మానాన్నలూ, పదో తరగతి వాళ్లను పోటీలయ్యేదాకా ఆడనివ్వండి. సార్లూ, వారానికొక్కసారి పెద్ద మైదానానికి తీసుకుపోండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల తమ్ముళ్లూ, బెంచీ ఖాళీగా ఉంది, రేపు పొద్దునే రండి. అన్నీ చేశాక ఓడితే తిట్టండి, పడతాం. ఆడకముందే మాత్రం మమ్మల్ని ఓడించకండి.