పక్క కుర్చీలో నలభై ఏళ్లు

2025 ఏప్రిల్ 6న టాంపాలో అమెరికా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. అందరూ యూకాన్ అని పిలిచే కనెక్టికట్ విశ్వవిద్యాలయం 82-59తో సౌత్ కరోలినాను ఓడించి 12వ టైటిల్ అందుకుంది. గెలుపు హెడ్ కోచ్ జీనో ఆరియెమా ఖాతాలో, ఓటమి డాన్ స్టేలీ ఖాతాలో పడ్డాయి. ఆ రెండు బెంచీల మీద మరో ఇద్దరు సహాయ కోచ్‌లున్నారు. క్రిస్ డెయిలీ 1985 నుంచి ఆరియెమా పక్కన, లీసా బోయర్ 2002లో టెంపుల్ విశ్వవిద్యాలయం రోజుల నుంచి స్టేలీ పక్కన పనిచేస్తున్నారు. ఆ ఖాతా పుస్తకంలో వీళ్లకు గడే లేదు.

సహాయ కోచ్ పదవిని మెట్టుగా చూడటం అలవాటైపోయింది. ఎక్కితే హెడ్ కోచ్, ఎక్కకపోతే ఆగిపోయినట్టు. ఈ కొలత తప్పని నా అభిప్రాయం.

1982లో అప్పటి మహిళల కాలేజీ క్రీడల సంఘం ఏఐఏడబ్ల్యూ చివరి టోర్నీ ఫైనల్లో టెక్సాస్‌ను 83-77తో ఓడించిన రట్గర్స్ జట్టుకు నాయకత్వం వహించిన క్రీడాకారిణి డెయిలీ. మూడేళ్ల తర్వాత ఆమె యూకాన్‌కు వచ్చేనాటికి అక్కడి జిమ్ కప్పు కారేది. తొలి సీజన్‌లో 12 గెలిచారు, 15 ఓడారు. అలాంటి చోటికి మంచి ఆటగత్తెలు ఎందుకొస్తారు? ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే సహాయ కోచ్ ఉద్యోగం. హైస్కూలు జిమ్‌లు తిరిగి పదహారేళ్ల పిల్ల ఆట చూడాలి. బిడ్డను అంతదూరం పంపడానికి వెనకాడే తల్లి ఎదుట కూర్చుని మాట్లాడాలి. రాత్రి ప్రత్యర్థుల వీడియోలు చూసి ఏ గార్డుకు ఎడమ చేతి డ్రిబుల్ రాదో రాసుకోవాలి. ఫ్రీ త్రోలు తప్పుతున్న అమ్మాయికి మర్నాడు పొద్దున్నే బంతులు అందిస్తూ నిలబడాలి. 1991లో రెబెకా లోబో అనే క్రీడాకారిణి ఆ జట్టులో చేరింది. 1995లో 35 మ్యాచ్‌లకు 35 గెలిచి యూకాన్ తొలి టైటిల్ కొట్టింది.

ఆరియెమా లేని రోజుల్లో జట్టును నడిపిన డెయిలీ, 2023 వరకు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అంటే ముందు కుర్చీకి అర్హత లేక పక్క కుర్చీలో ఉన్నారనే మాట నిలవదు. అయినా ఆరియెమాకు 2006లోనే దక్కిన మహిళల బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ఆమెకు 2018లో గాని దక్కలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయలేను. ముందు మగవాడు, వెనక మహిళ; ఆ వెనకనున్న ఆమె ఓర్పును మనం పొగుడుతున్నాం. ఈ పొగడ్త మహిళలను హెడ్ కోచ్‌లుగా తీసుకోని యాజమాన్యాలకు సాకు కాకూడదు. డెయిలీ ఎంపిక డెయిలీది. దాన్ని ఇంకో మహిళకు హద్దుగా గీయడం అన్యాయం. టెనెసీలో హోలీ వార్లిక్ 27 ఏళ్లు హెడ్ కోచ్ పాట్ సమిట్ పక్కన పనిచేసి 2012లో ఆ పగ్గాలు అందుకున్నారు. 2019 దాకా నడిపారు. యూకాన్ సహాయ కోచ్ జమెల్ ఎలియట్ 2009లో సిన్సినాటీ హెడ్ కోచ్‌గా వెళ్లి తొమ్మిది సీజన్ల తర్వాత ఆ పదవి వదిలారు; ఆ తర్వాత మళ్లీ యూకాన్ బెంచీకే చేరారు. ఆ రాకను దిగజారడం అనేవాళ్లు ఈ పనిని దగ్గర నుంచి చూడలేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది భద్రత. డెయిలీ నలభై ఏళ్లు నిలవగలిగింది ఆరియెమా గెలుస్తూ ఉన్నందువల్ల కూడా. హెడ్ కోచ్‌ను తీసేస్తే, కొత్తగా వచ్చినవారు తమ మనుషులను తెచ్చుకుంటారు. పాత సహాయ కోచ్‌లు ఇల్లూ ఊరూ మార్చుకోవలసిందే. నువ్వుంటావని నమ్మి చేరిన ఆటగత్తెకు వాళ్లేం చెప్పాలి? 2023 జులై నుంచి నిబంధనలు మారి, ఒక్కో జట్టు మరో ఇద్దరు సహాయ కోచ్‌లను పెట్టుకునే వీలొచ్చింది. కుర్చీలు పెరగడం మంచిదే. వాటిలో కూర్చునేవారికి హెడ్ కోచ్ భవితవ్యంతో ముడిపడని, కనీసం మూడేళ్ల కాంట్రాక్టును విశ్వవిద్యాలయాలు ఇవ్వాలి.