మణికట్టు మీద మట్టివాసన

అత్తరును సీసా మూతి దగ్గర వాసన చూసి కొనకూడదు. మణికట్టుకు రాసుకుని ఒక పూట ఆగాలి. కన్నౌజ్ మట్టి అత్తరు రాయగానే కొత్త కుండలో నీళ్లు పోసిన వాసన. కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి బానలో మరిగించి, ఆవిరిని చందన తైలంలోకి పట్టిన ఫలితమిది. గంట గడిస్తే మట్టి తగ్గి చందనం పైకొస్తుంది. రాత్రికి చొక్కా చేతి అంచున కూడా అదే.

రెండో సీసాదీ అదే పేరు, ధర నాలుగో వంతు. మొదట ఘుమఘుమ (బిర్యానీకి వాడాల్సిన మాట), మధ్యాహ్నానికి మిగిలింది జిడ్డే. చందన తైలం ప్రియమయ్యాక చాలామంది లిక్విడ్ పారఫిన్‌కు మళ్లారు. తప్పేం లేదు, సీసా మీద ఆ సంగతి రాస్తే. నా రెండు సీసాల మీదా ‘స్వచ్ఛమైన అత్తరు’ అనే ఉంది.